ఊరి పాటకు ఒక గది

కొత్తగా సున్నం వేసి, ఇంకా సామాను సర్దని గదిలో నిలబడి మీరెప్పుడైనా మాట్లాడారా? మాట గణగణమని మోగుతుంది. అదే గదిలోకి మంచాలు, పరుపులు, బట్టలు వచ్చి చేరిన తర్వాత మాట్లాడి చూడండి. ఆ మోత ఉండదు. మీ గొంతు మారలేదు, గాలీ మారలేదు. మారింది గది ఒక్కటే. అంటే మన చెవికి చేరే శబ్దంలో కొంత భాగం గొంతుదైతే, మరికొంత భాగం గదిది అన్నమాట.

ఈ చిన్న సంగతి తెలిస్తే పాటలు రికార్డు చేసే స్టూడియో అంటే ఏమిటో సగం తెలిసినట్లే. మిగిలిన సగం తెలియాలంటే ఆ గదిని నడిపే మనుషులనూ, ఆ గది చుట్టూ చేరే మనుషులనూ కూడా చూడాలి.

స్టూడియో అనగానే ఏదో మహానగరంలో, ఎంతో ఖరీదైన యంత్రాల మధ్య ఉండే చోటు అనుకుంటాం. కాని ప్రపంచ ప్రసిద్ధి పొందిన రెండు స్టూడియోలు ఒకే ఊళ్లో పుట్టాయి. ఒకటి అద్దెకు తీసుకున్న చిన్న కొట్టుగదిలో, రెండవది మూతబడిన సినిమాహాలులో. ఆ ఊరి పేరు మెంఫిస్.

పత్తి ఊరు, పాటల ఊరు

మెంఫిస్ నగరం అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రంలో, మిసిసిపి నది ఒడ్డున ఉంది. ఒకప్పుడు పత్తి వ్యాపారానికి పెద్ద కేంద్రం. చుట్టుపక్కల పత్తి చేలలో పనిచేసే నల్లజాతి కూలీలు తమ కష్టసుఖాలను పాటలుగా పాడుకునేవారు. ఆ పాటల పద్ధతికి బ్లూస్ అని పేరు. అక్కడి తెల్లజాతి పల్లెజనానికి మరో రకం పాటలు ఉండేవి. వాటిని కంట్రీ సంగీతం అంటారు.

1950 నాటికి ఆ ఊళ్లో నల్లవారిని, తెల్లవారిని చట్టమే విడదీసి ఉంచింది. బడులు వేరు, హోటళ్లు వేరు, బస్సులో కూర్చునే చోట్లు కూడా వేరు. పెద్ద రికార్డు కంపెనీలు న్యూయార్క్, చికాగో, లాస్ ఏంజిల్స్ వంటి దూర నగరాలలో ఉండేవి. చేలో పనిచేసుకునే గాయకుడు రైలు చార్జీలు పెట్టుకొని అంత దూరం వెళ్లగలడా? వెళ్లినా లోపలికి రానిస్తారా? అందువల్ల ఎన్నో మంచి పాటలు పాడినవారితోనే పోయే ప్రమాదం ఉండేది.

పల్లెపాటలు మనకూ ఉన్నాయి కనుక ఈ ప్రమాదం ఎలాంటిదో మీకు వేరే చెప్పనక్కరలేదు.

ఒక రేడియో ఇంజనీరు సాహసం

అలబామా రాష్ట్రం నుంచి వచ్చిన సామ్ ఫిలిప్స్ మెంఫిస్‌లో రేడియో ఇంజనీరుగా పనిచేసేవాడు. చిన్ననాట చేలలో విన్న పాటలంటే ఆయనకు ప్రాణం. 1950 జనవరిలో యూనియన్ అవెన్యూలోని 706 నంబరు భవనంలో చిన్న గదిని నెలకు 150 డాలర్లకు అద్దెకు తీసుకొని "మెంఫిస్ రికార్డింగ్ సర్వీస్" అని బోర్డు పెట్టాడు. రేడియోలో కార్యక్రమాలు నడిపే మారియన్ కీస్కర్ అనే మహిళ ఆయనకు తోడుగా నిలిచింది. గదిని సిద్ధం చేయడం మొదలు ఉత్తరాలు, లెక్కలు, వచ్చినవారిని పలకరించడం దాకా అన్నీ ఆమె చూసుకునేది.

పాటలు రికార్డు చేస్తేనే అద్దె గడవదు. కాబట్టి ఫిలిప్స్ పెళ్లిళ్లు, సభలు, అంత్యక్రియల ప్రార్థనలు సైతం డబ్బు తీసుకొని రికార్డు చేసిపెట్టేవాడు. పగలు రేడియో ఉద్యోగం, తర్వాత స్టూడియో. నల్లజాతి గాయకులతో పనిచేస్తున్నందుకు తోటి ఉద్యోగుల ఎత్తిపొడుపులు కూడా పడవలసి వచ్చింది. చివరకు 1951లో ఆయన ఆ ఉద్యోగాన్ని వదులుకున్నాడు. ఇక ఆ చిన్న గదే ఆయనకు ఆధారం.

ఆ గదికి బీ.బీ. కింగ్, హౌలిన్ వుల్ఫ్ వంటి బ్లూస్ గాయకులు వచ్చారు. ఆనాడు వారి పేర్లు బయటి ప్రపంచానికి అంతగా తెలియవు. 1953లో టెన్నెసీ జైలు నుంచి ఐదుగురు ఖైదీల గాయక బృందం కాపలా మధ్య అక్కడికి వచ్చి పాడి వెళ్లింది. వారు పాడిన పాట ఊరూరా రేడియోలలో మోగింది. గాయకులు మాత్రం తిరిగి జైలుకే వెళ్లారు!

గోడలు ఏం చేస్తాయి?

ఇప్పుడు మనం ఆ గదిలోకి వెళ్దాం. అది సుమారు 30 అడుగుల పొడవు, 18 అడుగుల వెడల్పు గల గది. అంటే రమారమి 9 మీటర్లు, 5.5 మీటర్లు. మీ తరగతి గది కూడా ఇంచుమించు అంతే ఉండవచ్చు.

అటువంటి గదిలో ఎదురెదురు గోడలు నున్నగా, గట్టిగా ఉన్నాయనుకోండి. చప్పట్లు కొడితే శబ్దం ఒక గోడకు తగిలి రెండవ గోడకు, అక్కడి నుంచి మళ్లీ మొదటి గోడకు పరావర్తనం చెందుతూ ఉంటుంది. 5.5 మీటర్ల దూరం పోయి రావడానికి శబ్దం 11 మీటర్లు ప్రయాణించాలి. గాలిలో శబ్దవేగం సెకనుకు సుమారు 343 మీటర్లు. కాబట్టి సెకనులో దాదాపు 31 సార్లు అది మన చెవిని దాటిపోతుంది. మనకు ఒక్కొక్క ప్రతిధ్వని విడిగా వినిపించదు. "ట్ర్ ర్ ర్" అనే మోత మాత్రం వినిపిస్తుంది. పాట రికార్డు చేసేటప్పుడు ఈ మోత పాటను చెడగొడుతుంది.

దీనికి ఫిలిప్స్ రెండు ఉపాయాలు చేశాడు. గోడలకు, పైకప్పుకు సన్నని రంధ్రాలున్న మెత్తని పలకలు అంటించాడు. రంధ్రాలలోకి పోయిన గాలి కంపనాలు రాపిడి వల్ల శక్తిని కోల్పోయి, అతి స్వల్పమైన వేడిగా మారిపోతాయి. పరుపులు, బట్టలు గదిలో మోతను తగ్గించేది కూడా ఇలాగే. ఇక పైకప్పును సమతలంగా ఉంచక, మడత పెట్టిన కాగితంలాగా ఎత్తుపల్లాలుగా కట్టించాడు. అందువల్ల శబ్దం నేలకూ కప్పుకూ మధ్య ఒకే దారిలో తిరగక నలువైపులా చెదిరిపోతుంది.

శబ్దానికీ గదికీ గల ఈ సంబంధాన్ని మొదట లెక్కకట్టినవాడు అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన వాలెస్ సాబిన్. 1895 ప్రాంతంలో ఆయనకు ఒక ఉపన్యాస మందిరాన్ని బాగుచేసే పని అప్పగించారు. అందులో మాట్లాడితే మోత తప్ప మాట తెలిసేది కాదు. సాబిన్ రాత్రి పూట పక్క నాటకశాల నుంచి కుర్చీల మెత్తలు మోయించుకొని వచ్చి, మెత్తల సంఖ్య పెంచుతూ, శబ్దం ఎంతసేపటికి అణగారుతుందో కొలిచాడు. తెరిచిన కిటికీని ఆయన కొలబద్దగా తీసుకున్నాడు. కిటికీలోంచి బయటికి పోయిన శబ్దం తిరిగి రాదు కదా! కాబట్టి ఒక చదరపు మీటరు తెరిచిన కిటికీ శబ్దాన్ని పూర్తిగా పీల్చుకున్నట్లే లెక్క.

ఆయన సూత్రం ఇది. గది ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, గదిలోని మొత్తం శోషణతో భాగిస్తే, మోత అణగారే కాలం సెకన్లలో వస్తుంది. దీన్నే ప్రతినాద కాలం అంటారు. 8 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, 3.5 మీటర్ల ఎత్తు ఉన్న తరగతి గది ఘనపరిమాణం 168 ఘనపు మీటర్లు. ఖాళీ గది మొత్తం శోషణ 10 చదరపు మీటర్ల కిటికీతో సమానమనుకుంటే ప్రతినాద కాలం 2.7 సెకన్లు. పిల్లలందరూ కూర్చున్నాక శోషణ 40 అయిందనుకోండి, అది 0.7 సెకన్లకు తగ్గుతుంది. సెలవు రోజున మీ బడి గది ఎందుకు మోగుతుందో ఇప్పుడు తెలిసిందా?

పాట టేపులో ఎలా దాగుతుంది?

మొదటి రోజులలో ఫిలిప్స్ పాటలను నేరుగా బిళ్లల మీదే రికార్డు చేసేవాడు. అల్యూమినియం బిళ్ల మీద మెత్తని లక్కవంటి పూత ఉండేది. పాటకు అనుగుణంగా కంపించే సూది ఆ పూతలో వంకరటింకర గాడిని చెక్కేది. ఒకసారి చెక్కితే తుడపడం కుదరదు.

తర్వాత టేపు రికార్డరు వచ్చింది. 1928లో జర్మనీలో ఫ్రిట్జ్ ఫ్లాయ్‌మర్ అనే ఆయన సన్నని నాడా మీద ఇనుప పొడి అంటించి రూపొందించిన సాధనం దీనికి ఆది. తర్వాత ప్లాస్టిక్ నాడా మీద ఐరన్ ఆక్సైడు పొడి పూయసాగారు. మైకు శబ్దాన్ని విద్యుత్ ప్రవాహంగా మారుస్తుంది. ఆ ప్రవాహం "హెడ్డు" అనే చిన్న విద్యుదయస్కాంతం గుండా పోతుంది. హెడ్డు ముందు నుంచి టేపు కదులుతుంటే, పొడిలోని రేణువులు ఆ ప్రవాహం హెచ్చుతగ్గులను అనుసరించి అయస్కాంతీకరణం చెందుతాయి. వినేటప్పుడు ఇదే పని తలకిందులుగా జరుగుతుంది. అయస్కాంతీకరణం చెందిన టేపు రెండవ హెడ్డు ముందు కదిలితే, దాని తీగచుట్టలో విద్యుత్తు ప్రేరితమవుతుంది. 1831లో ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణే ఇది.

స్టూడియో టేపు సెకనుకు 15 అంగుళాల వేగంతో, అంటే సుమారు 38 సెంటీమీటర్ల వేగంతో నడిచేది. సెకనుకు 1,000 కంపనాలున్న స్వరం పాడితే ఒక్కొక్క కంపనానికి టేపు మీద 0.38 మిల్లీమీటర్ల చోటు దక్కుతుంది. 10,000 కంపనాల సన్నని శబ్దానికి 0.038 మిల్లీమీటర్లే! మూడు నిమిషాల పాట మొత్తానికి దాదాపు 69 మీటర్ల టేపు కావాలి. మీరే లెక్క కట్టి చూడండి.

ఒక్క పొరపాటు, అందరికీ మళ్లీ మొదలు

నేడు ఒక్కొక్క వాద్యాన్ని విడివిడిగా రికార్డు చేసి తర్వాత కలుపుకుంటారు. ఆ రోజుల్లో అలా కాదు. గాయకుడు, గిటారు, డ్రమ్ము, పియానో అందరూ ఒకేసారి వాయించాలి. మూడు నిమిషాల పాటలో రెండున్నర నిమిషాల దగ్గర ఒకరు తప్పితే అందరూ మొదటి నుంచి మళ్లీ మొదలు పెట్టాలి.

మరి డ్రమ్ము హోరులో గాయకుని గొంతు మునిగిపోకుండా చూడటమెలా? దూరమే దీనికి మందు. గోడల నుంచి వచ్చే శబ్దాన్ని కాసేపు పక్కన పెడితే, శబ్ద తీవ్రత దూరం వర్గానికి విలోమంగా ఉంటుంది. మైకుకు అర మీటరు దూరంలో ఉన్న గిటారును మీటరు దూరానికి జరిపితే తీవ్రత నాలుగో వంతు అవుతుంది. రెండు మీటర్లకు జరిపితే పదహారో వంతు. ఫిలిప్స్ గదిలో అటూ ఇటూ తిరుగుతూ, ఒకరిని ఒక అడుగు వెనక్కి, మరొకరిని రెండడుగులు ముందుకు జరుపుతూ గంటల కొద్దీ గడిపేవాడు. భౌతిక శాస్త్ర నియమమే ఆయన చేతిలోని ముఖ్య పనిముట్టు.

చినిగిన స్పీకరు, తీగల కింద కాగితం

1951 మార్చిలో ఐక్ టర్నర్ అనే యువకుని బృందం మిసిసిపి రాష్ట్రం నుంచి కారులో వచ్చింది. దారిలో వారి గిటారు ఆంప్లిఫయరు దెబ్బతిన్నది. స్పీకరులోని కాగితపు శంకువు పాడై "బర్ర్" మంటున్నది. బాగుచేయించే వ్యవధి లేదు. ఫిలిప్స్ అందులో కాగితం కుక్కి, ఆ బొంగురు శబ్దంతోనే రికార్డు చేశాడు. "రాకెట్ 88" అనే ఆ పాట ఆ ఏడు దేశంలో నల్లజాతి సంగీతపు అమ్మకాలలో మొదటి స్థానానికి చేరింది. రాక్ అండ్ రోల్ సంగీతానికి అదే మొదటి రికార్డు అని చెప్పేవారు చాలామంది ఉన్నారు.

చెడిన స్పీకరు కొత్త ధ్వనిని ఎలా ఇచ్చింది? మంచి స్పీకరు తరంగాన్ని ఉన్నదున్నట్లు పలికిస్తుంది. చెడిన స్పీకరు శంకువు స్వేచ్ఛగా కదలలేదు కనుక తరంగపు ఆకారం వంకర పోతుంది. ఆకారం మారితే అసలు స్వరానికి తోడు దానికి రెండింతలు, మూడింతలు పౌనఃపున్యం గల పై స్వరాలు కూడా చేరతాయి. చెవికి అది గరుకుగా, బరువుగా తోస్తుంది. ఆ తర్వాతి కాలంలో గిటారు వాయించేవారు ఇదే గరుకుదనాన్ని కోరి, ప్రత్యేకంగా యంత్రాలు చేయించుకున్నారు!

జానీ క్యాష్ అనే గాయకుని బృందంలో డ్రమ్ము లేదు. 1956లో ఆయన గిటారు తీగల మధ్య కాగితం దూర్చి వాయించాడు. తీగ కంపనాలు కాగితానికి తగిలి వెంటనే అణిగిపోవడంతో "ఛక్, ఛక్" మని డ్రమ్ము మీద పుల్లతో కొట్టినట్లు వినిపించింది. పేదరికం నేర్పిన పాఠాలు ఇవి.

ఒకే ఒక్క బిళ్ల

నాలుగు డాలర్లు ఇస్తే ఎవరైనా ఆ స్టూడియోలో రెండు పాటలు పాడి తమ గొంతు ఉన్న బిళ్లను ఇంటికి పట్టుకుపోవచ్చు. 1953 వేసవిలో 18 ఏళ్ల కుర్రవాడు ఒకడు అలా వచ్చాడు. పేదింటివాడు, సిగ్గరి. వానిలో ఏదో విశేషం ఉన్నదని మారియన్ కీస్కర్ పేరు రాసిపెట్టుకుంది. ఆ కుర్రవాని పేరు ఎల్విస్ ప్రెస్లీ. నకలు లేని ఆ బిళ్ల 2015లో వేలంలో 3,00,000 డాలర్లకు అమ్ముడుపోయింది.

మరుసటి ఏడు ఫిలిప్స్ అతన్ని పిలిపించాడు. 1954 జూలై 5న గిటారు స్కాటీ మూర్, పెద్ద బేస్ వాద్యం బిల్ బ్లాక్, మధ్యలో ఎల్విస్. ఎంతసేపు పాడినా ఏదీ కుదరలేదు. విశ్రాంతి సమయంలో ఎల్విస్ సరదాగా ఒక పాత బ్లూస్ పాటను గంతులు వేస్తూ అందుకున్నాడు. తక్కిన ఇద్దరూ కలిశారు. ఫిలిప్స్ తలుపు తీసి మళ్లీ వాయించమన్నాడు. ఆ పాటే ఎల్విస్ మొదటి రికార్డు.

ఆ పాటలో గొంతు వెంట ఒక చిన్న ప్రతిధ్వని వినిపిస్తుంది. ఇక్కడే శాస్త్రం చేసిన తమాషా ఉంది. ప్రతిధ్వని విడిగా వినిపించాలంటే అది కనీసం 0.1 సెకను ఆలస్యంగా రావాలని మీరు చదువుకున్నారు. దానికి గోడ దాదాపు 17 మీటర్ల దూరంలో ఉండాలి. ఫిలిప్స్ గది మొత్తం పొడవే 9 మీటర్లు! మరి ప్రతిధ్వని ఎక్కడి నుంచి వచ్చింది?

ఆయన రెండు టేపు రికార్డర్లు పెట్టాడు. గొంతును ఒకదానిలో రికార్డు చేస్తూ, రెండవదానిలోకి కూడా పంపాడు. రెండవ యంత్రంలో రికార్డు చేసే హెడ్డు, వినిపించే హెడ్డు పక్కపక్కన ఉంటాయి. వాటి మధ్య రెండు అంగుళాల దూరం ఉందనుకుందాం. సెకనుకు 15 అంగుళాలు పోయే టేపుకు ఆ దూరం దాటడానికి 2/15, అంటే 0.13 సెకను పడుతుంది. అంత ఆలస్యంగా వచ్చిన గొంతును కొద్దిగా తగ్గించి మొదటి యంత్రంలో అసలు గొంతుతో కలిపాడు. 0.13 సెకనులో శబ్దం గాలిలో దాదాపు 46 మీటర్లు పోతుంది. అంటే 23 మీటర్ల దూరంలో గోడ ఉన్న పెద్ద మందిరపు ప్రతిధ్వనిని రెండు అంగుళాల టేపు ముక్క ఇచ్చిందన్నమాట!

పాట ఎవరిది? డబ్బు ఎవరిది?

రికార్డులు అమ్ముడుపోతున్నా ఫిలిప్స్‌కు అప్పులు తీరలేదు. ఎందుకంటే బిళ్లలు అచ్చువేసే ఫ్యాక్టరీకి ముందే డబ్బు కట్టాలి. దుకాణాల నుంచి డబ్బు ఎన్నో నెలలకుగాని రాదు. పాట ఎంత బాగా అమ్ముడైతే అంత అప్పు! దానికి తోడు, 1953లో ఆయన సన్ కంపెనీకి మొదటి విజయం తెచ్చిన రూఫస్ థామస్ పాట వేరొక కంపెనీ పాట బాణీలో ఉందని కోర్టులో దావా పడింది. ఆ దావాలో ఆయన ఓడిపోయాడు. చివరకు 1955 నవంబరులో ఎల్విస్ ఒప్పందాన్ని ఆర్‌సీఏ కంపెనీకి 35,000 డాలర్లకు అమ్మివేశాడు. ఆ సొమ్ముతో స్టూడియో నిలబడింది. కార్ల్ పెర్కిన్స్, జానీ క్యాష్, జెర్రీ లీ లూయిస్ ఆ తర్వాత అక్కడి నుంచే పేరు తెచ్చుకున్నారు.

కాని ఈ కథకు మరో వైపు కూడా ఉంది. ఎల్విస్ పాడిన ఆ మొదటి పాటను 1946లోనే రికార్డు చేసినవాడు ఆర్థర్ క్రుడప్ అనే నల్లజాతి గాయకుడు. తన పాటలపై రావలసిన సొమ్ము కోసం ఆయన ఏళ్ల తరబడి పోరాడి, అది చేతికి అందకుండానే 1974లో మరణించాడు. ఎల్విస్ తర్వాత స్టూడియో దృష్టి తెల్లజాతి యువకుల వైపు మళ్లింది. మొదట ఆ గదిని నిలబెట్టినవారు తామే అయినా తమను మరచిపోయారని రూఫస్ థామస్ బహిరంగంగానే బాధపడ్డాడు. ఆయన మాటలో నిజం ఉంది. ఒక తలుపు తెరిచిన మనిషే దాన్ని సగం మూయడం కూడా జరుగుతుంది.

సినిమాహాలులో రెండవ గది

రూఫస్ థామస్ ఊరుకోలేదు. 1960లో తన కుమార్తె కార్లాను వెంటబెట్టుకొని ఊళ్లోని మరో చిన్న స్టూడియో తలుపు తట్టాడు. దాన్ని నడిపేవారు జిమ్ స్టీవర్ట్ అనే బ్యాంకు గుమాస్తా, ఆయన అక్క ఎస్టెల్ ఆక్స్‌టన్. ఆమె కొంతకాలం బడిపంతులమ్మగా కూడా పనిచేసింది. టేపు రికార్డరు కొనడానికి తన ఇంటిని తాకట్టు పెట్టిన ధీశాలి. ఇద్దరి ఇంటిపేర్ల మొదటి అక్షరాలు కలిపి 1961లో ఆ సంస్థకు స్టాక్స్ అని పేరు పెట్టారు.

వారు మెక్‌లెమోర్ అవెన్యూలో మూతబడిన సినిమాహాలును అద్దెకు తీసుకున్నారు. కుర్చీలు పీకివేశారు, తెరలు వేలాడదీశారు. కాని తెర వైపుకు వాలుగా ఉన్న నేలను సరిచేయడానికి డబ్బు లేక అలాగే వదిలేశారు. అదే మేలయింది! నేల వాలుగా, కప్పు వేరొక కోణంలో ఉండటంతో శబ్దం ఒకే దారిలో అటూ ఇటూ తిరగలేదు. ఫిలిప్స్ కట్టి సాధించినదాన్ని వీరు కట్టకుండానే పొందారు. గది పెద్దది కావడంతో ప్రతినాదం కూడా నిండుగా ఉండేది. ఆ పాటలు నేటికీ ఆ హాలు ధ్వనితోనే గుర్తుపట్టబడతాయి.

హాలు ముందు మిఠాయిలు అమ్మేచోట ఎస్టెల్ రికార్డుల కొట్టు పెట్టింది. అద్దె డబ్బు దాని నుంచే వచ్చేది. చుట్టుపక్కల నల్లజాతి పిల్లలు బడి వదలగానే అక్కడ చేరేవారు. లోపల తయారైన పాటను ఆమె ముందుగా వారికి వినిపించి, వారి కాళ్లు కదులుతాయో లేదో చూసేది! వారిలో బాగా వాయించేవారు క్రమంగా లోపలి గదికి చేరారు. రూఫస్, కార్లాల మొదటి పాటలో వాయించిన బుకర్ టి. జోన్స్ అప్పుడు హైస్కూలు విద్యార్థి. 1962లో ఆయన 17 ఏళ్ల వయసులో "గ్రీన్ ఆనియన్స్" అనే వాద్యగీతాన్ని తన బృందంతో రికార్డు చేశాడు. ఆ బృందంలో ముగ్గురు నల్లవారు, ఒకరు తెల్లవారు. ఊళ్లో కలిసి భోజనం చేయడానికి చోటు లేని రోజులలో, ఆ గదిలో వారు కలిసి పనిచేశారు. అదే ఏడు మరొక బృందానికి కారు నడుపుకుంటూ వచ్చిన ఓటిస్ రెడింగ్, మిగిలిపోయిన సమయంలో ఒక పాట పాడి గొప్ప గాయకుడయ్యాడు.

కష్టాలు కూడా వచ్చాయి. 1967 డిసెంబరులో విమాన ప్రమాదంలో ఓటిస్ రెడింగ్, ఆ కొట్టు చుట్టూ పెరిగిన బార్-కేస్ బృందపు యువకులు నలుగురు మరణించారు. 1968 ఏప్రిల్ 4న ఆ ఊళ్లోనే మార్టిన్ లూథర్ కింగ్‌ను కాల్చి చంపారు. అదే ఏడు మరో దెబ్బ తగిలింది. అంతవరకు తాము చేసి, అట్లాంటిక్ కంపెనీ ద్వారా అమ్మిన రికార్డుల మీద హక్కు తమకు లేదని తెలిసింది. జిమ్ స్టీవర్ట్ ఒప్పందాన్ని పూర్తిగా చదవకుండా సంతకం చేశాడు! ఎలాగో నిలదొక్కుకొని కొన్నేళ్లు నడిచినా, 1975లో స్టాక్స్ దివాలా తీసింది. 1989లో ఆ హాలునే కూల్చివేశారు.

ఐతే కథ అంతటితో ముగియలేదు. అదే స్థలంలో 2003లో మ్యూజియం వెలిసింది. పక్కనే ఆ పేట పిల్లలకు సంగీతం నేర్పే అకాడమీ నడుస్తున్నది. ఫిలిప్స్ పాత గదిలో 1987 నుంచి మళ్లీ రికార్డింగు సాగుతున్నది.

మీరూ చేసి చూడండి

ఫిలిప్స్ నెలల కొద్దీ అద్దె కట్టి సాధించిన పరికరం నేడు ప్రతి ఇంట్లో ఫోను రూపంలో ఉంది. దానితో ఈ పనులు చేయండి.

1. ఒకే వాక్యాన్ని స్నానాల గదిలో, పడకగదిలో, ఆరుబయట చదివి రికార్డు చేయండి. ఏది ఎక్కడ చదివారో చెప్పకుండా స్నేహితులకు వినిపించి, గుర్తించమనండి.

2. ఫోనుకు అర మీటరు, ఒక మీటరు, రెండు మీటర్ల దూరంలో ఒకే గొంతుతో మాట్లాడండి. దూరం పెరిగేకొద్దీ గొంతు తగ్గి, గది మోత ఎలా పెరుగుతుందో గమనించండి.

3. తీగ మీద రెండు బొంతలు ఎదురెదురుగా వేలాడదీసి, మధ్యలో నిలబడి పాడండి. ఫ్యాను ఆపడం మరువకండి. మీ మొదటి స్టూడియో తయారైంది!

ఇక అసలు పని. మీ వీధిలో నాట్లు వేసేటప్పుడు పాడే అవ్వ ఉండవచ్చు, డప్పు కొట్టే తాత ఉండవచ్చు. ముందుగా వారి అనుమతి అడిగి, వారి పాట రికార్డు చేయండి. తేదీ, ఊరు, పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారో ఒక నోటుబుక్కులో రాయండి. రికార్డును మొదట వారికే వినిపించండి. దాన్ని మరొకరికి పంపే ముందు మళ్లీ అడగండి. అన్నిటికన్నా ముందు, పాడినవారి పేరు స్పష్టంగా రాసిపెట్టండి. ఆర్థర్ క్రుడప్‌కు జరిగింది మీ ఊరి పాటగానికి జరగకూడదు కదా!